ఆలస్యం ఎక్కడో పాత కోడ్ కూడా చెప్పగలదు

కాలేజీ గ్రంథాలయంలో కంప్యూటర్ ముందు కూర్చున్న విద్యార్థి పుస్తకం పేరు కొట్టి ఎంటర్ నొక్కుతాడు. మామూలు రోజుల్లో రెప్పపాటులో వచ్చే జవాబు పరీక్షల ముందు వారంలో మాత్రం పది సెకన్లయినా రాదు. గ్రంథపాలకుడు నెట్ స్లోగా ఉందంటాడు. నెట్‌వర్క్ చూసే మనిషి సర్వర్‌ను అనుమానిస్తాడు. సర్వర్ నడిపే సంస్థ డేటాబేస్ బరువెక్కిందంటుంది. డేటాబేస్ చూసేవాళ్లు అసలు ప్రోగ్రామే పాతదని తేల్చేస్తారు. ఇంతమందిలో అబద్ధం చెబుతున్నవాళ్లు ఎవరూ లేరు. కాకపోతే ఒక్కరి దగ్గరా ఆధారం లేదు.

ఆధారం దొరికే దారి ఉంది. ఒక రిక్వెస్టు ఏయే యంత్రాలు దాటింది, ఒక్కోచోట ఎన్ని మిల్లీసెకన్లు ఆగింది అని గీతలు గీసి చూపించే ట్రేసింగ్ సేవలు క్లౌడ్ కంపెనీల దగ్గర ఏళ్లుగా ఉన్నాయి. కొత్తగా కట్టే యాప్‌లలో ఇది మామూలు ఏర్పాటు అయిపోయింది. పాత భాషల్లో రాసిన వ్యవస్థల దగ్గరికి వచ్చేసరికి మాత్రం అది తమకు సంబంధించింది కాదని వదిలేస్తున్నారు. ముఖ్యంగా పెర్ల్ పేరు వినగానే చర్చ అక్కడితో ముగుస్తోంది. ఈ ధోరణి మారాలి. పెర్ల్ వ్యవస్థకు ట్రేసింగ్ తగిలించడం పెద్ద ప్రాజెక్టు కాదు, తెలిసిన ఇంజినీరుకు కొద్ది రోజుల పని. తగిలించకపోతే ఆ భారం ఏళ్ల తరబడి వాడకందార్ల మీద పడుతుంది.

పైన చెప్పిన గ్రంథాలయంలో నడుస్తున్నది కోహా అనే సాఫ్ట్‌వేర్ అయ్యే అవకాశం బాగా ఉంది. న్యూజిలాండ్‌లోని లెవిన్ పట్టణంలో హోరోవెనువా గ్రంథాలయ ట్రస్టుకు 1999లో ఒక చిక్కు వచ్చింది. అప్పటిదాకా వాడుతున్న సాఫ్ట్‌వేర్ 2000 సంవత్సరపు తేదీలను తట్టుకునేది కాదు. కటిపో కమ్యూనికేషన్స్ అనే సంస్థ వాళ్లకోసం పెర్ల్‌లో కొత్త వ్యవస్థగా కోహాను రాసి, 2000 జనవరిలో నడకలోకి తెచ్చింది. ఆ కోడ్‌ను అందరికీ స్వేచ్ఛగా ఇచ్చేశారు. ఇప్పుడది ప్రపంచంలో వేల గ్రంథాలయాల్లో నడుస్తోంది. భారతదేశంలో విశ్వవిద్యాలయాలు, ఇంజినీరింగ్ కళాశాలలు, ప్రజా గ్రంథాలయాలు వాడుతున్నాయి. తెలుగు రాష్ట్రాల కళాశాలలూ వాటిలో ఉన్నాయి. లైసెన్సు రుసుము లేకపోవడం ఇక్కడి సంస్థలకు పెద్ద ఊరట.

కోహాలో ఒక వెతుకులాట చేసే ప్రయాణం చూడండి. రిక్వెస్టు మొదట అపాచీ వెబ్ సర్వర్‌కు వస్తుంది. అక్కడి నుంచి స్టార్‌మన్ అనే పెర్ల్ సర్వర్‌కు వెళ్తుంది. స్టార్‌మన్ ముందే పుట్టించి ఉంచిన ప్రాసెస్‌లలో ఖాళీగా ఉన్నదొకటి దాన్ని అందుకుంటుంది. సభ్యుడి సెషన్, సెట్టింగుల కోసం మెమ్‌క్యాష్‌డ్ అనే తాత్కాలిక నిల్వను అడుగుతుంది. పుస్తకాల జాబితా కోసం శోధన యంత్రాలైన జీబ్రా దగ్గరికో ఎలాస్టిక్‌సెర్చ్ దగ్గరికో పోతుంది. ఏ ప్రతి ఎవరి దగ్గర ఉందో మరియాడీబీ డేటాబేస్‌లో చూస్తుంది. ముఖచిత్రాలు బయటి సేవల నుంచి రావచ్చు. వేరే గ్రంథాలయాల కేటలాగులు వెతకమంటే ఆ ప్రశ్న ఇంకా దూరం వెళ్తుంది. తెర మీద కనిపించే ఒక్క జాబితా వెనుక ఇన్ని మజిలీలున్నాయి. ఏ మజిలీలో ఆలస్యమైనా విద్యార్థికి కనిపించేది తిరుగుతున్న చక్రం ఒక్కటే.

లాగ్ ఫైళ్లు ఉన్నాయి కదా అని అనిపించవచ్చు. ఉన్నాయి, కానీ ఏ యంత్రం లాగ్ ఆ యంత్రానిదే. అపాచీ లాగ్‌లో పది సెకన్లు పట్టిన రిక్వెస్టు కనిపిస్తుంది, మరియాడీబీ లాగ్‌లో మూడు సెకన్లు పట్టిన క్వెరీ కనిపిస్తుంది. ఆ క్వెరీ ఈ రిక్వెస్టుదేనా? అదే సెకనులో వంద రిక్వెస్టులు నడుస్తుంటే గడియారాలు పోల్చి తేల్చడం ఊహాగానమే. మిగతా ఏడు సెకన్లు ఎక్కడ పోయాయన్నది ఏ లాగ్‌లోనూ ఉండదు.

ట్రేసింగ్ ఈ లోటును ఒక సంఖ్యతో పూడుస్తుంది. ప్రభుత్వాసుపత్రిలో ఓపీ చీటీ రాయించుకున్న రోగి డాక్టరు గదికి, రక్తపరీక్షకు, మందుల కౌంటరుకు అదే నంబరుతో వెళ్తాడు. ప్రతి కౌంటరులో వచ్చిన సమయం, వెళ్లిన సమయం రాసి ఆ కాగితాలన్నీ ఒకచోట చేరిస్తే రోగి పొద్దంతా ఎక్కడ నిలబడ్డాడో ఎవరూ వాదించనక్కర్లేదు. ట్రేసింగ్‌లోనూ రిక్వెస్టు గడప దాటగానే దానికి ఒక నంబరు పుడుతుంది. ప్రతి మజిలీ ఆ నంబరును పక్క మజిలీకి అందిస్తూ, తన దగ్గర పని మొదలైన సమయం, ముగిసిన సమయం, తనను పిలిచినవారి గుర్తు కలిపి చిన్న రికార్డు పంపుతుంది. ఆ రికార్డులను పేర్చితే రిక్వెస్టు జీవితమంతా ఒక పటంలా కనిపిస్తుంది.

ఈ పద్ధతిని లోకానికి వివరంగా చెప్పింది గూగుల్. డాపర్ అనే తన అంతర్గత వ్యవస్థ గురించి ఆ సంస్థ ఇంజినీర్లు 2010లో ఒక పత్రం ప్రచురించారు. అందులోని కీలకమైన పాఠం, అన్నిటినీ రికార్డు చేయనక్కర్లేదన్నది. గూగుల్ తొలి దశలో 1,024 రిక్వెస్టుల్లో ఒకదాన్ని మాత్రమే నమూనాగా తీసుకుంది. రద్దీ ఎక్కువగా ఉన్న సేవలకు అదే సరిపోయింది. ఆ పత్రం స్ఫూర్తితో ట్విటర్ జిప్‌కిన్‌ను కట్టి 2012లో బయటపెట్టింది. ఊబర్ 2017లో జేగర్‌ను విడుదల చేసింది. అమెజాన్ 2016 డిసెంబరులో ఎక్స్‌రే అనే సేవను ప్రకటించి, 2017 ఏప్రిల్‌లో అందరికీ అందుబాటులోకి తెచ్చింది.

ఎక్స్‌రే కోసం అమెజాన్ అధికారిక మాడ్యూళ్లు ఇచ్చిన భాషలు ఆరు: జావా, నోడ్ జేఎస్, పైథాన్, రూబీ, గో, డాట్ నెట్. ఆ వరసలో పెర్ల్ లేదు. లారీ వాల్ 1987లో విడుదల చేసిన భాష అది. వెబ్ తొలి దశాబ్దంలో ఇంటర్నెట్ బరువును చాలావరకు మోసింది. మానవ జన్యుపటం తయారీలో ప్రయోగశాలల మధ్య సమాచార మార్పిడికి తోడ్పడింది. బుకింగ్ డాట్ కామ్ దాని మీదే ఎదిగింది. సీప్యానెల్, బగ్‌జిల్లా, స్పామ్‌అసాసిన్ అందులో రాసినవే. ఫొటో ఫైళ్ల లోపలి వివరాలు చదివే ఎగ్జిఫ్‌టూల్‌దీ అదే భాష. జన్యు పరిశోధకులు రోజూ తెరిచే ఎన్సెంబుల్ వెనుక పెద్ద పెర్ల్ కోడ్ ఉంది. కొత్త ప్రాజెక్టులకు పెర్ల్ ఎంచుకునేవాళ్లు తగ్గారన్నది నిజమే. నడుస్తున్న పెర్ల్ కోడ్ ఇప్పటికీ విస్తారంగా ఉందన్నదీ అంతే నిజం.

అమెజాన్ వదిలేసిన ఆ ఖాళీని పెర్ల్ సమాజమే పూరించుకుంది. పెర్ల్ మాడ్యూళ్లకు 1995 నుంచి సీప్యాన్ అనే ఉమ్మడి భాండాగారం ఉంది. జపాన్‌కు చెందిన ఒక పెర్ల్ ప్రోగ్రామర్ ఎక్స్‌రేతో మాట్లాడే మాడ్యూల్ రాసి అందులో పెట్టాడు. పేరు ఏడబ్ల్యూఎస్ ఎక్స్‌రే. దానికి తోడుగా ప్లాక్ అనే పెర్ల్ వెబ్ చట్రంలో వెబ్ రిక్వెస్టులను కొలిచే పొర ఒకటి, డేటాబేస్ పిలుపులను పట్టుకునే ప్రొఫైలర్ జోడింపు ఒకటి వచ్చాయి. మూడూ ఉచితమే, మూడూ చిన్నవే. ఒక సాయంత్రం కూర్చుంటే ప్రధాన మాడ్యూల్ కోడ్ మొత్తం చదివేయవచ్చు. తన వ్యవస్థలోకి ఏది చేర్చుకుంటున్నాడో ఇంజినీరుకు పూర్తిగా తెలిసే వీలు ఈ రోజుల్లో అరుదు.

వాడే తీరు కూడా సరళంగానే ఉంటుంది. మాడ్యూల్ ఇచ్చే ప్రధాన ఫంక్షన్ పేరు క్యాప్చర్. కొలవాలనుకున్న కోడ్ భాగానికి ఒక పేరు పెట్టి, ఆ భాగాన్ని సబ్‌రొటీన్‌గా క్యాప్చర్‌కు అందిస్తే చాలు. అది ముందు గడియారం చూస్తుంది, కోడ్‌ను నడుపుతుంది, మళ్లీ గడియారం చూస్తుంది, రికార్డు పంపేస్తుంది. ఒక క్యాప్చర్ లోపల ఇంకొకటి పెడితే లోపలిది బయటిదానికి పిల్ల రికార్డుగా నమోదవుతుంది. తల్లి గుర్తును చేత్తో అందించనక్కర్లేదు. ఒక విలువను ఒక బ్లాకు నడిచినంతసేపు మార్చి, బయటికి రాగానే పాత విలువను తిరిగి నిలబెట్టే లోకల్ అనే సదుపాయం పెర్ల్‌లో ఎప్పటినుంచో ఉంది. ప్రస్తుత ట్రేస్ నంబరును, ప్రస్తుత తల్లి గుర్తును మోయడానికి అంతకంటే సరిపోయే సాధనం ఉండదు. పాతదని కొట్టిపారేసే భాషలోనే ఈ కొత్త అవసరానికి అతికినట్టు సరిపోయే పనిముట్టు ఉందన్నమాట.

రికార్డు బయటికి వెళ్లే మార్గం ఇంకా ఆలోచించి ఎంచుకున్నది. మాడ్యూల్ నేరుగా అమెజాన్‌కు ఫోన్ చేయదు. అదే యంత్రంలో నడిచే డీమన్ అనే చిన్న ప్రోగ్రాముకు యూడీపీ పద్ధతిలో 2000 నంబరు పోర్టుకు రికార్డును విసిరి తన పనిలో పడిపోతుంది. జవాబు కోసం ఎదురుచూడదు. డీమన్ వాటిని పోగుచేసి క్లౌడ్‌కు చేరుస్తుంది. డీమన్ ఆగిపోయినా, క్లౌడ్ అందకపోయినా పుస్తకం వెతుకుతున్న విద్యార్థికి ఏ ఆటంకమూ రాదు. మహా అయితే కొన్ని రికార్డులు పోతాయి. వైద్యం పేరుతో రోగిని ఇబ్బంది పెట్టకూడదన్న నియమాన్ని ఈ ఏర్పాటు పాటిస్తోంది. పాత వ్యవస్థలను తాకడానికే భయపడే నిర్వాహకులకు ముందుగా చెప్పాల్సింది ఇదే.

ఒక యంత్రం నుంచి ఇంకో యంత్రానికి నంబరు వెళ్లేది హెచ్‌టీటీపీ హెడర్‌లో. అందులో మూడు ముక్కలుంటాయి. మొదటిది మూల నంబరు: వెర్షన్‌ను సూచించే 1, రిక్వెస్టు పుట్టిన సమయం ఎనిమిది అక్షరాల్లో, ఆ తర్వాత యాదృచ్ఛికంగా పుట్టించిన 24 అక్షరాలు. రెండోది పిలిచినవారి గుర్తు, 16 అక్షరాలు. మూడోది ఈ రిక్వెస్టు నమూనాలో ఉందా లేదా అని చెప్పే 1 లేదా 0. ముందరి సర్వర్ ఒకసారి నిర్ణయిస్తే వెనకున్నవాళ్లంతా దాన్నే పాటించాలి. లేకపోతే సగం మజిలీలున్న పటాలు వస్తాయి. వాటిని చూసి తీసుకునే నిర్ణయాలు అసలు పటం లేనప్పటికంటే ప్రమాదకరం.

కోహా ఆ ప్లాక్ చట్రం మీదే నడుస్తుంది కాబట్టి మొదటి అడుగు చాలా సులువు. సర్వర్ ఆకృతీకరణ ఫైలులో ఎక్స్‌రే పొరను చేర్చే వరుసలు రాస్తే ప్రతి వెబ్ రిక్వెస్టుకూ ఆద్యంతాల కొలత వచ్చేస్తుంది. రెండో అడుగులో ముఖ్యమైన క్లాసులను ఎంచుకోవాలి. ఏ క్లాసులో ఏ మెథడ్‌లను కొలవాలో పేర్లు చెబితే మాడ్యూలే వాటి చుట్టూ క్యాప్చర్ చుట్టేస్తుంది. అసలు కోడ్‌లో ఒక్క వాక్యం మార్చనక్కర్లేదు. వెతుకులాట, సభ్యుడి లాగిన్, పుస్తకం ఇవ్వడం, తీసుకోవడం అనే నాలుగు పనులతో మొదలుపెడితే ఎక్కువ ఫిర్యాదులకు జవాబు అక్కడే దొరుకుతుంది. ప్రతి చిన్న ఫంక్షన్‌నూ కొలవాలన్న ఉత్సాహం మాత్రం పనికిరాదు. వందల గీతలున్న పటాన్ని ఎవరూ చదవరు.

జాగ్రత్త పడాల్సిన చోట్లు కొన్ని ఉన్నాయి. ఇందాక మెచ్చుకున్న లోకల్ సదుపాయం వరుసగా నడిచే కోడ్‌లోనే నమ్మదగినది. ఎనీఈవెంట్ లాంటి ఈవెంట్ లూప్ మీద నడిచే ప్రోగ్రాముల్లో పని ఒక బ్లాకులో మొదలై, ఆ బ్లాకు ముగిశాక ఎప్పుడో ఇంకెక్కడో పూర్తవుతుంది. అప్పటికి లోకల్ విలువ వెనక్కి వెళ్లిపోయి ఉంటుంది, పిల్ల రికార్డు తల్లిని కోల్పోతుంది. అలాంటి చోట్ల నంబరును చేత్తో మోసుకెళ్లాల్సిందే.

ఇంకొక ప్రమాదం స్టార్‌మన్ లాంటి ముందస్తు ప్రాసెస్‌ల సర్వర్లలో ఉంది. తల్లి ప్రాసెస్ రాండ్ ఫంక్షన్‌ను ఒకసారి పిలిచాక పిల్లలు పుడితే, పిల్లలందరికీ ఒకే యాదృచ్ఛిక సంఖ్యల వరుస వారసత్వంగా వస్తుంది. ట్రేస్ నంబర్లు ఆ వరుస నుంచి పుట్టిస్తే ఇద్దరు విద్యార్థుల రిక్వెస్టులు ఒకే నంబరుతో కలగలిసిపోవచ్చు. ఏడబ్ల్యూఎస్ ఎక్స్‌రే మాడ్యూల్ నేరుగా ఆపరేటింగ్ సిస్టమ్ ఇచ్చే యాదృచ్ఛికతను వాడుకుని ఈ గండం దాటింది. సొంతంగా రాసుకుందామనుకునే ఇంజినీర్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. చిన్న మాడ్యూలే కదా అని మళ్లీ మొదటినుంచి రాయడం కంటే, పదిమంది వాడి పరీక్షించినదాన్ని తీసుకోవడం మేలు.

ఖర్చు గురించిన భయం లెక్క వేసుకుంటే తీరిపోతుంది. ఎక్స్‌రే ధరల పట్టిక ప్రకారం నెలకు మొదటి లక్ష ట్రేస్‌ల నమోదు ఉచితం. ఆ పైన ప్రతి పది లక్షలకు 5 డాలర్లు. ఒక విశ్వవిద్యాలయ కోహాకు రోజుకు రెండు లక్షల రిక్వెస్టులు వస్తాయనుకుందాం. నూటికి ఐదు నమూనాగా తీసుకుంటే రోజుకు పదివేలు, నెలకు మూడు లక్షలు. ఉచిత లక్ష పోగా మిగిలిన రెండు లక్షలకు అయ్యేది ఒక్క డాలరు. రికార్డులను వెతకడానికి వేరే చిన్న రుసుము ఉన్నా ఈ స్థాయిలో అది లెక్కలోకి రాదు. నమోదైన ట్రేస్‌లు 30 రోజులే ఉంటాయి కాబట్టి, ఈ సెమిస్టరును పోయిన సెమిస్టరుతో పోల్చాలంటే సారాంశాలను వేరే దాచుకోవాలి.

నూటికి ఐదు తీసుకుంటే అసలు పట్టుకోవాల్సిన నెమ్మది రిక్వెస్టు మిగతా తొంభై ఐదులో తప్పిపోదా? న్యాయమైన సందేహమే. డాపర్ కాలంలో గూగుల్‌కు ఉన్నంత రద్దీ కాలేజీ సర్వర్‌కు ఉండదు. అరుదైన తప్పు నమూనాలో పడకుండానే పోవచ్చు. పెర్ల్ ప్లాక్ పొర రాసిన ప్రోగ్రామర్ దీనికీ దారి చూపించాడు. జవాబు తయారయ్యాక దాన్ని పరిశీలించి, పంపాలా వద్దా నిర్ణయించే వడపోత అందులో ఉంది. జవాబు తప్పును సూచించే 500 లేదా ఆ పై కోడ్‌తో వచ్చినా, ఒకటిన్నర సెకను మించి పట్టినా తప్పనిసరిగా పంపమని దానికి చెప్పవచ్చు. సాఫీగా సాగిన రిక్వెస్టులు కొన్నే వెళ్తాయి, ఇబ్బంది పడ్డవి అన్నీ వెళ్తాయి. ఫిర్యాదులు పరిష్కరించాల్సిన సంస్థకు కావాల్సింది సరిగ్గా ఇదే.

డబ్బు కంటే గోప్యత విషయంలో ఎక్కువ పట్టుదల అవసరం. ట్రేస్ రికార్డుకు వ్యాఖ్యలు తగిలించే సౌకర్యం ఉంది. శోధనకు వీలైనవి కొన్ని, ఊరికే దాచేవి కొన్ని. సౌకర్యం ఉంది కదా అని పాఠకుడి పేరు, ఫోన్ నంబరు, అతడు వెతికిన పుస్తకం పేరు అందులో కుక్కేయడం తగదు. ఒక మనిషి ఏం చదువుతున్నాడన్నది అతడి సొంత విషయం. క్వెరీలోని విలువలు తీసేసి ఆకారం మాత్రమే పంపాలి. విభాగం పేరు, పేజీ రకం, ఫలితాల సంఖ్య లాంటివి చాలు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం సంస్థల మీద ఈ బాధ్యతను స్పష్టంగా పెట్టింది. అమెజాన్ ముంబైలో 2016లో, హైదరాబాద్‌లో 2022 నవంబరులో క్లౌడ్ రీజియన్లు తెరిచింది. సమాచారాన్ని దేశం దాటించనక్కర్లేని ఏర్పాట్లు కళ్లెదుటే ఉన్నాయి. వాటితో పాటు సంయమనం కూడా ఉంటేనే పాఠకుడికి రక్షణ.

ఇన్ని చెప్పినా వినిపించే ఎదురువాదం ఒకటుంది: పెర్ల్ కాలం చెల్లింది, ఉన్నదాన్ని పారేసి కొత్త భాషలో రాసుకుంటే ట్రేసింగ్ దానంతట అదే వస్తుంది. వినడానికి బాగుంటుంది. నెట్‌స్కేప్ కథ తెలిసినవాళ్లు మాత్రం జంకుతారు. తన బ్రౌజర్‌ను మొదటినుంచి తిరగరాయాలని నిర్ణయించిన ఆ సంస్థ ఐదో వెర్షన్‌ను విడుదలే చేయలేక, 2000 నవంబరులో ఆరో వెర్షన్‌తో ముందుకొచ్చింది. ఈలోగా మార్కెట్ మైక్రోసాఫ్ట్ చేతుల్లోకి వెళ్లిపోయింది. పాతికేళ్ల కోడ్‌లో పాతికేళ్ల అనుభవం ఉంటుంది. సెలవు రోజున గడువు ముగిస్తే జరిమానా ఎలా లెక్కించాలి, ఒకే పుస్తకానికి ఇద్దరు ముందస్తుగా అడిగితే ఎవరికి ముందు ఇవ్వాలి అన్న వందల తీర్పులు అందులో నిక్షిప్తమై ఉంటాయి. తిరగరాయడం అంటే వాటన్నిటినీ మళ్లీ కష్టపడి నేర్చుకోవడం.

నిజంగా తిరగరాయాల్సిన అవసరమే వచ్చినా ట్రేసింగ్ ముందు రావాలి. ఏ భాగం నెమ్మదిగా ఉంది, ఏ భాగం ఎవరినీ ఇబ్బంది పెట్టడం లేదు అన్నది అదే చెబుతుంది. ఆలస్యమంతా ఒక ఇండెక్స్ లేని టేబుల్‌లోనే ఉందని తేలితే కోట్ల ప్రాజెక్టు ఒక్క ఆదేశంతో తప్పిపోతుంది. కొలవకుండా కూల్చడం ప్రజాధనంతో నడిచే సంస్థలకు తగని పని.

కాలాన్ని కొలవడం ఎంత దూరం తీసుకెళ్తుందో 2024 మార్చిలో ప్రపంచం చూసింది. మైక్రోసాఫ్ట్‌లో పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ మీద పనిచేసే ఆండ్రెస్ ఫ్రోయిండ్ తన పరీక్షా యంత్రంలో ఎస్ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందని గమనించాడు. అర సెకనే కదా అని వదిలేయలేదు. ఆ దారి వెంట పోతే ఎక్స్‌జెడ్ అనే కుదింపు మాడ్యూల్‌లో ఎవరో పథకం ప్రకారం దాచిన దొంగతలుపు బయటపడింది. అది లినక్స్ పంపిణీల్లోకి పూర్తిగా పాకి ఉంటే లెక్కలేనన్ని సర్వర్లు ప్రమాదంలో పడేవి. ఆ మాడ్యూల్‌ను ఏళ్లుగా దాదాపు ఒంటరిగా చూసుకుంటున్న స్వచ్ఛంద కార్యకర్త అలసటను ఆసరా చేసుకునే దాడి లోపలికొచ్చింది. ఆలస్యాన్ని పట్టించుకునే కళ్లు ఉండాలి, ఉచిత కోడ్‌ను కాపాడే మనుషులకు అండ ఉండాలి. ఆ ఒక్క ఘటన రెండూ చెప్పింది.

పెర్ల్ ట్రేసింగ్ మాడ్యూళ్ల విషయంలోనూ రెండో మాట వర్తిస్తుంది. ఇవి ఏ కంపెనీ హామీ లేకుండా కొద్దిమంది చేతుల మీదుగా బతుకుతున్నాయి. పైగా ఈ రంగమే మలుపులో ఉంది. 2019లో రెండు ప్రాజెక్టుల కలయికతో పుట్టిన ఓపెన్‌టెలిమెట్రీ ఇప్పుడు ఉమ్మడి ప్రమాణం. ట్రేస్ నంబరును మోసే హెడర్‌కు వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ 2020 ఫిబ్రవరిలోనే ఆమోదముద్ర వేసింది. అమెజాన్ కూడా తన ఎక్స్‌రే మాడ్యూళ్లను, డీమన్‌ను 2026 ఫిబ్రవరి 25 నుంచి నిర్వహణ దశకు పరిమితం చేస్తున్నట్టు ప్రకటించి, వాడకందార్లను ఓపెన్‌టెలిమెట్రీ వైపు నడవమంది. ఎక్స్‌రే సేవ మాత్రం కొనసాగుతుంది.

అంటే పెర్ల్ మాడ్యూల్ మీద పెట్టిన శ్రమ వృథానా? కాదు. అది డీమన్‌కు పంపే రికార్డు రూపం చాలా సాదా. అదే 2000 పోర్టులో అదే రూపాన్ని అందుకునే ఏర్పాటు అమెజాన్ క్లౌడ్‌వాచ్ ఏజెంట్‌లో ఉంది, ఓపెన్‌టెలిమెట్రీ కలెక్టర్‌లోనూ ఉంది. డీమన్ ఉన్న చోట కలెక్టర్‌ను నిలబెడితే పెర్ల్ కోడ్‌కు తేడాయే తెలియదు. అక్కడి నుంచి రికార్డులను ఎక్స్‌రేకు పంపవచ్చు, సొంత సర్వర్లోని జేగర్‌కూ పంపవచ్చు. ఓపెన్‌టెలిమెట్రీ కోసం నేరుగా రాసిన పెర్ల్ మాడ్యూళ్లు కూడా సీప్యాన్‌లో చేరాయి. అధికారిక భాషల వరసలో లేకపోయినా వాటిని వాలంటీర్లే ముందుకు నడుపుతున్నారు. మొదట కొలతలు మొదలుపెట్టి, తీరిక దొరికినప్పుడు ప్రమాణం మార్చుకునే వీలు ఇక్కడ పూర్తిగా ఉంది.

కావాల్సింది సంస్థల సంకల్పం. విశ్వవిద్యాలయాలు, ప్రభుత్వ శాఖలు తమ పాత వ్యవస్థల వార్షిక నిర్వహణ ఒప్పందాల్లో ఇప్పటికీ సర్వర్ ఎన్ని గంటలు నడిచింది అన్న లెక్క మాత్రమే అడుగుతున్నాయి. సర్వర్ నడుస్తూనే ఉంటుంది, జవాబు మాత్రం రాదు. ఈ తరహా వైఫల్యం ఆ లెక్కలో ఎన్నటికీ దొరకదు. ఒప్పందంలో మూడు షరతులు చేరాలి. నెమ్మదించిన ప్రతి రిక్వెస్టుకూ ట్రేస్ ఉండాలి. తప్పు వచ్చినప్పుడు తెర మీద ఆ ట్రేస్ నంబరు కనిపించాలి, ఫిర్యాదు చేసేవాళ్లు దాన్నే చెప్పగలగాలి. నిర్వహణ సంస్థ తన జవాబులో ఏ మజిలీలో ఎంతసేపు పట్టిందో చూపించాలి. దీనికి కొత్త యంత్రం కొననక్కర్లేదు, పాత కోడ్ మార్చనక్కర్లేదు.

ఇంజినీరింగ్ కళాశాలలు చేయగలిగింది ఇంకా ఉంది. చివరి సంవత్సరం ప్రాజెక్టు కింద ఏటా వేలమంది విద్యార్థులు ఎవరూ వాడని యాప్‌లు తయారుచేస్తున్నారు. వాళ్లలో కొందరికి సొంత కాలేజీ గ్రంథాలయంలోని కోహాను అప్పగిస్తే, ట్రేసింగ్ తగిలించి ఒక సెమిస్టరు కొలిచి, దొరికిన లోపాన్ని సరిచేసి, ఆ మార్పును కోహా సమాజానికి తిరిగి పంపగలరు. పెర్ల్ మాడ్యూళ్లకు వాడుక పత్రాలు, పరీక్షలు, ఈవెంట్ లూప్‌కు సరిపడే దిద్దుబాట్లు రాయడానికి చేతులు చాలా కావాలి. హైదరాబాద్‌లోనూ అమెరికాలోనూ పాత పెర్ల్ వ్యవస్థలను కాపాడుతూ ఉద్యోగం చేసిన తెలుగు ఇంజినీర్లకు కొదవ లేదు. ఆ విద్యార్థులకు మార్గదర్శులుగా వారానికి రెండు గంటలు ఇవ్వగలిగినవాళ్లు వాళ్లలోనే ఉన్నారు. వాళ్లను పిలిచి పని అప్పగించాల్సింది కళాశాలల గ్రంథాలయ కమిటీలు, కంప్యూటర్ విభాగాలు. రాబోయే విద్యా సంవత్సరపు ప్రాజెక్టుల జాబితా ఖరారయ్యేలోపే ఆ రెండూ ఒకసారి కూర్చుని మాట్లాడుకోవాలి.